గోల్‌పోస్ట్ మార్పించిన డిఫెండర్: మియమొతో కథ

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది "అన్నా, ఎప్పుడూ గోల్స్ కొట్టేవాళ్ల గురించేనా, డిఫెండర్ల గురించి చెప్పవా" అని అడిగారు. సరే, చెప్తాను. త్సునెయాసు మియమొతో. జపాన్. 1977లో ఒసాకా దగ్గర పుట్టాడు.

ముందు సీన్ చెప్తాను. 2004 జూలై 31, చైనాలో చోంగ్‌చింగ్ నగరం. ఆసియా కప్ క్వార్టర్ ఫైనల్, జపాన్ వర్సెస్ జోర్డాన్. 1-1 డ్రా, పెనాల్టీ షూటౌట్. స్టేడియం మొత్తం జపాన్‌ని ఎగతాళి చేస్తూ అరుస్తోంది. మొదటి కిక్ షున్‌సుకె నకమురా. అంత గొప్ప ఫ్రీకిక్ స్పెషలిస్ట్, కాలు జారింది, బంతి పైకి పోయింది. తర్వాత అలెస్సాంద్రో సాంతోస్. అతనూ జారాడు, అదీ పైకే! ఇద్దరూ ఎడమకాలి వాళ్లు. అంటే ఇద్దరూ కుడికాలు ఆనించింది దాదాపు ఒకే చోట, అక్కడ గడ్డి ఊడిపోతోంది.

మనమైతే ఏం చేస్తాం? తల పట్టుకుంటాం, పిచ్‌ని తిట్టుకుంటాం. కెప్టెన్ మియమొతో నేరుగా రెఫరీ దగ్గరికి వెళ్లి, ఇంగ్లీషులో, ఈ నేల బాగాలేదు, అవతలి గోల్‌పోస్ట్‌కి మారుద్దాం అని అడిగాడు. మలేసియా రెఫరీ ఒప్పుకున్నాడు. షూటౌట్ మధ్యలో!

ఒక దశలో 3-1తో జోర్డాన్ ముందుంది. అక్కడి నుంచి గోల్‌కీపర్ కవాగుచి గోడలా నిలబడ్డాడు. ఏడో కిక్ ఎవరు కొట్టారో తెలుసా? మియమొతోనే. గోల్. తర్వాత జోర్డాన్ కిక్ లోపలికి వెళ్లలేదు. 4-3. ఆ టోర్నీ ఫైనల్లో బీజింగ్‌లో చైనాని 3-1తో ఓడించి జపాన్ కప్ ఎత్తుకెళ్లింది.

జోర్డాన్ వైపు నుంచి చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది, నాకూ అర్థమవుతుంది. ఇప్పటి రూల్స్‌లో అయితే భద్రత కోసమో, గోల్ గానీ నేల గానీ పనికిరాకుండా పోతేనో తప్ప షూటౌట్‌లో గోల్ మార్చరు. అప్పుడు మార్చడం కరెక్టేనా? నాకైతే కరెక్టే, రెండు టీములూ మిగతా కిక్స్ అదే కొత్త గోల్‌కి కొట్టాయి కదా. మీరు కామెంట్లో కొట్టుకోండి.

ఈ సీన్ నాకెందుకు గుచ్చుకుందంటే... జాబ్ చేసే రోజుల్లో ఒక రిలీజ్ రాత్రి తప్పు కనిపించింది. టీమ్ గ్రూప్‌లో తెల్లారేదాకా తిట్టుకున్నాం. ఆపగలిగే మేనేజర్‌కి ఒక్కరం ఫోన్ చేయలేదు, నాతో సహా. పొద్దున్నే కస్టమర్లే చేశారు.

ఇక కెరీర్. గాంబా ఒసాకాకి ఆడుతూనే దోషిషా యూనివర్సిటీలో డిగ్రీ పూర్తి చేశాడు. 2002 వరల్డ్ కప్‌కి కొద్ది రోజుల ముందు ముక్కు విరిగితే నల్ల మాస్క్ పెట్టుకుని ఆడాడు, అందరూ బ్యాట్‌మన్ అన్నారు. 2005లో గాంబాతో జె లీగ్ టైటిల్. 2006 వరల్డ్ కప్‌లో మాత్రం చేదు: క్రొయేషియా మీద పెనాల్టీ ఇచ్చేశాడు, కవాగుచి ఆపి కాపాడాడు. రెండో ఎల్లో కార్డు వల్ల బ్రెజిల్ మ్యాచ్‌కి దూరం, ఆ మ్యాచ్‌లో జపాన్ 1-4తో చిత్తు. తర్వాత ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్, చివరికి విస్సెల్ కోబె. 2011లో ఆట ఆపేశాడు.

ఆపి ఏం చేశాడు? మళ్లీ పుస్తకాలు పట్టాడు! ఫిఫా మాస్టర్ కోర్సు చదివి, వచ్చి గాంబాలో కుర్రాళ్లకి కోచింగ్. 2018 జూలైలో సీనియర్ టీమ్ కింది లీగ్‌కి పడిపోయేలా ఉంటే పగ్గాలు ఇచ్చారు. సీజన్ చివర్లో వరసగా 9 మ్యాచ్‌లు గెలిచి 9వ స్థానం. 2020లో లీగ్‌లో రెండో స్థానం. బాగుంది కదా? 2021 మేలో తీసేశారు. కోవిడ్‌తో టీమ్ కొన్ని వారాలు ఆగిపోయింది, తిరిగొచ్చాక గోల్స్ రాలేదు. కోచ్ ఉద్యోగం అంతే బాస్, పోయినేడాది రిపోర్ట్ కార్డు ఎవడూ చూడడు.

2024 మార్చిలో జపాన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ అధ్యక్షుడయ్యాడు. వరల్డ్ కప్ ఆడినవాడు ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి.

ఆ షూటౌట్ వీడియో దొరికితే చూడండి. గోల్స్ కాదు, మియమొతో రెఫరీ దగ్గరికి వెళ్లే ఆ కొన్ని సెకన్లు చూడండి. వచ్చే వారం కవాగుచి గురించి, ఉంటాను!