పాట వినే ఆడవాళ్లు, పాట ఆపమనే ఆడవాళ్లు

(మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్న ఇక్కడ చదివిన తీర్మానం ముసాయిదా మీద నన్ను మాట్లాడమన్నారు. సినిమా పాటల్లో అశ్లీలాన్ని నిషేధించమని ప్రభుత్వాన్ని కోరే తీర్మానం అది. నేను దాని మీద ఇంకా సంతకం చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో చెప్పేముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను సినిమా పాటలు వింటాను. పరిశోధన కోసం కాదు, ఇష్టంతోనే వింటాను. కొత్త పాట వచ్చిన రోజే వింటాను, నచ్చితే వంట చేస్తూ మరో పదిసార్లు వింటాను. మన సమావేశాల్లో ఈ మాట చెప్పడానికి చాలా ఏళ్లు సిగ్గుపడ్డాను. స్త్రీవాదులకి చెవులుండకూడదన్నట్టు ప్రవర్తిస్తాం కదా మనం.

ఆమధ్య ఒక శిక్షణా తరగతిలో భోజనాల విరామంలో సంఘం ఆడవాళ్లు ఫోన్‌లో 'ఊ అంటావా' పాట పెట్టుకుని ఆడుతున్నారు. నేను వెళ్లగానే ఒకమ్మాయి గబుక్కున ఆపేసింది. నేనేమీ అనలేదు. నా మొహం చూసే ఆపింది. "మన చైతన్య గీతాలు మంచిగుంటయి మేడం, కానీ వాటికి నడుం కదలదు" అన్నది ఇంకొకామె. అందరూ నవ్వారు. ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. ఇంటిపనీ కూలిపనీ చేసిన ఒంటికి అరగంట సంతోషం దొరికితే, దాన్ని ఆపించే మొహం నాదే ఎందుకయింది?

ఆ పాట 2021 డిసెంబర్‌లో 'పుష్ప' సినిమాలో వచ్చింది. మగవాళ్లని కించపరుస్తోందంటూ ఆంధ్రప్రదేశ్‌లో ఒక పురుషుల సంఘం కేసు వేసినట్టు వార్తలొస్తే మనం నవ్వుకుని ఊరుకున్నాం. రాసింది చంద్రబోస్. ఆడది ఏం కట్టుకున్నా, ఎలా ఉన్నా మగవాడి చూపు మారదని చెప్తుందా పాట. మన తరగతుల్లో మనం చెప్పేదీ అదే. కాకపోతే ఆ మాట నడుస్తున్నంతసేపూ కెమెరా అదే చూపుతో ఆమె ఒంటి మీద తిరుగుతుంటుంది. చెవికి వినపడేది ఒక పాట, కంటికి కనపడేది ఇంకో పాట. నాకు మొదటిది ఇష్టం, రెండోది కాదు. ఈ రెండింటినీ కలిపి 'అశ్లీలం' అని ఒక్క మాటలో కొట్టిపారేస్తే, పాటలో ఉన్న దెబ్బలాట మనకి కనపడకుండా పోతుంది.

ఇంక ఆ గొంతు. పాడింది ఇంద్రావతి చౌహాన్, అనంతపురం జిల్లా తండా నుంచి వచ్చిన లంబాడీ కుటుంబం అమ్మాయి, గాయని మంగ్లీకి చెల్లెలు. సినిమా గొంతుకి ఉండాలనుకునే నునుపు అందులో లేదు. ఒకప్పుడు సుశీల గొంతు కథానాయికదీ, ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు క్లబ్బు డాన్సుదీ అని పంచిపెట్టారు. మంచి ఆడదానికి ఒక స్వరం, చెడ్డ ఆడదానికి ఒక స్వరం. ఇప్పుడు ఆ గీత చెరిగిందంటారు గానీ నాకంత నమ్మకం లేదు. తండా గొంతునీ పల్లె గొంతునీ ఊపున్న పాటకి పిలుస్తారు. మెత్తని ప్రేమపాట దగ్గరికొచ్చేసరికి ఎక్కువగా వేరే గొంతులే గుర్తొస్తాయి. ఏ నిషేధమూ ఈ కులం లెక్కని ముట్టుకోదు.

2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్, పాటల్లో స్త్రీలని కించపరిచే స్టెప్పులుంటే చర్యలు తప్పవని హెచ్చరించింది. 'రాబిన్‌హుడ్' పాటలోని ఒక స్టెప్పు మీద అప్పుడు గొడవ నడుస్తోంది. సినిమా విడుదలయ్యేసరికి ఆ స్టెప్పు కత్తిరించారని పత్రికలు రాశాయి. నాకూ ఆ స్టెప్పు నచ్చలేదు. అదే ఏడాది జనవరిలో 'డాకు మహారాజ్' పాటనైతే పూర్తిగా చూడలేకపోయాను. కానీ కత్తెర పడ్డది తెర మీది కదలికకే. ఆ కదలిక నేర్పించిన చోట ఏం జరుగుతోందని ఎవరడిగారు? 2024 సెప్టెంబర్‌లో పేరున్న ఒక నృత్య దర్శకుణ్ణి, తన దగ్గర సహాయకురాలిగా పనిచేసిన యువతి ఫిర్యాదు మీద అరెస్టు చేశారు. వేధింపు మొదలైనప్పుడు ఆమె మైనరని ఆరోపణ. నిజమేదో తేల్చాల్సింది కోర్టు. పదిమంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తోంది. వెనక వరసలో ఇరవైమంది అమ్మాయిలు ఆడే సెట్టు పనిస్థలం కాదా?

2024 ఆగస్టులో కేరళలో హేమ కమిటీ నివేదిక బయటికొచ్చాక, తెలుగు పరిశ్రమ మీద తెలంగాణ ప్రభుత్వం వేసిన సబ్‌కమిటీ నివేదికని కూడా బయటపెట్టమని అడిగింది సమంత. 'ఊ అంటావా'లో ఆడిన సమంతే. ఆ పాట చూసి ఆమెని తిట్టిన మనవాళ్లు ఈ విషయంలో ఆమె పక్కన ఎంతమంది నిలబడ్డారు?

మన ముసాయిదాలో అసలు లేని సంగతి ఇంకొకటుంది. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగదరియా' వచ్చింది. మంగ్లీ పాడింది, సుద్దాల అశోక్‌తేజ రాశారు. మూలం జానపదం. దాన్ని అంతకుముందే టీవీలో పాడిన కోమలి అభ్యంతరం చెప్పింది. ఎవరిది ఒప్పని తీర్పు చెప్పడం నా పని కాదు. చట్టం ఏం చూస్తుందో చెప్తాను. 2012 సవరణతో రచయితకీ సంగీత దర్శకుడికీ రాయల్టీ హక్కు గట్టిపడింది, పాడినవాళ్లకీ హక్కొచ్చింది. జానపదానికి చరణాలు కడితే ఆ కొత్త చరణాలు కట్టినవాళ్లవి. కానీ నాట్లేస్తూ ఆ పల్లవిని మూడు తరాలు బతికించిన ఆడవాళ్లు రచయితలు కాదు, సంగీత దర్శకులు కాదు, రికార్డింగులో పాడినవాళ్లూ కాదు. వాళ్లని పట్టుకునే గడి చట్టంలో లేదు.

2025లో ఊరూరా మోగిన 'రాను బొంబైకి రాను'కి సినిమా లేదు, పెద్ద హీరో లేడు. రాము రాథోడ్, ప్రభ పాడారు, యూట్యూబులో వచ్చింది. పాలమూరు పల్లెల్లో బొంబాయి బతుకుదెరువు పేరు. వలస పోదామంటే భార్యని అడిగేవాళ్లు తక్కువ. అందుకే ఒక ఆడగొంతు 'రాను' అంటే నాకు గమ్మత్తుగా ఉంటుంది.

ముసాయిదాలో 'నిషేధించాలి' అన్న వాక్యం తీసేద్దాం. సబ్‌కమిటీ నివేదిక బయటపెట్టమని, ప్రతి సెట్టులో, ప్రతి రిహార్సల్ హాలులో కమిటీ ఉండాలని, జానపదం వాడుకున్నప్పుడు అది దొరికిన ఊరి పేరూ పాడి వినిపించినామె పేరూ వెయ్యాలనీ, ఆమెకి డబ్బు ఇవ్వాలనీ రాద్దాం. అలా మారిస్తే ఇప్పుడే సంతకం చేస్తాను. వేరే అభిప్రాయం ఉన్నవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారని తెలుసు. టీ తర్వాత గంటసేపు చర్చ ఉందన్నారు, వాళ్ల మాట వినడానికి కూర్చుంటాను.