సంతకం పెట్టే ముందు



నెహెమ్యా 5వ అధ్యాయంలో పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువపెట్టిన జనం మొరపెట్టుకున్నారు. నెహెమ్యా ప్రధానులను నిలదీసి వాటిని తిరిగి ఇమ్మన్నాడు.

మనం కూడుకున్న ఈ చెన్నై నుంచే 1938లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు రైతు రుణ ఉపశమన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందటి అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ రద్దయింది. కోస్తా, రాయలసీమ రైతులకూ ఆ మేలు దక్కింది. అయితే అప్పటికే డిక్రీ పడివుంటే, తగ్గించమని కోర్టుకు దరఖాస్తు పెట్టుకోవాలి. రక్షణ ఉన్నా అడగాల్సిందే.

నేడూ అంతే. తాకట్టు ఇంటిని స్వాధీనం చేసుకోవాలంటే బ్యాంకు సర్ఫేసీ చట్టం ప్రకారం ముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. స్వాధీన చర్య మొదలైతే 45 రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. నోటీసును బీరువాలో దాచి, ఉపవాసంతోనే సరిపెట్టుకున్న కుటుంబాలను మేము చూశాం. గడువు దాటిపోయింది. ఇంకొందరు రాజీ కాగితంలో ‘నా హక్కులన్నీ వదులుకుంటున్నాను’ అన్న వాక్యం చదవకుండానే సంతకం పెట్టారు.

తీసుకున్న అప్పు తీర్చడం మన సాక్ష్యం. చట్టమిచ్చిన గడువు వాడుకోవడం మోసం కాదు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత న్యాయ సహాయం అందుతుంది.

యువజనులారా, ఈ ఆదివారం మీ వీధిలో అప్పుతో నలుగుతున్న ఒక ఇంటికి వెళ్లండి. ప్రార్థించండి. ఆ నోటీసు తీయించి, తేదీ చదివి వినిపించండి.