పాత అకార్డు, కొత్త బ్రేకాయిలు
(మా తెలుగు సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి "ర్యాలీ గురించి మాట్లాడండి" అన్నారు. పక్కనుంచి విన్న మా పెద్దమ్మగారి అబ్బాయి "ఏ పార్టీ ర్యాలీ అన్నయ్యా?" అని అడిగాడు. మనకు ర్యాలీ అంటే లారీలు, జెండాలు, బిర్యానీ పొట్లాలే కదా! నేను చెప్పబోయేది కారు ర్యాలీ గురించి. అందులోనూ అతి చవకది. మీ గరాజ్‌లో అమ్ముదామా, విరాళంగా ఇచ్చేద్దామా అని చూస్తున్న పాత బండితో ఆడగలిగేది.

ఇది రేసు కాదు. టైమ్, స్పీడ్, డిస్టెన్స్ ర్యాలీ అంటారు. మామూలు రోడ్లు, మామూలు స్పీడ్ లిమిట్లు. ఫలానా చోటి నుంచి ఫలానా మలుపు దాకా సగటున గంటకు 36 మైళ్ళ వేగంతో వెళ్ళమని కాగితం మీద రాసిస్తారు. దారిలో ఎక్కడో, మనకు తెలియని చోట, టైము చూసేవాళ్ళు కూర్చుని ఉంటారు. ఆలస్యంగా వెళ్ళినా తప్పే, తొందరగా వెళ్ళినా తప్పే. మేం ఆడినదాంట్లో సెకనుకు ఒక పాయింటు జరిమానా. రెండు రోజులు, కొలరాడో కొండల్లో ఆరు వందల మైళ్ళు. బండికి లోపల ఇనుప పంజరం కట్టక్కర్లేదు. లైసెన్సు, ఇన్సూరెన్సు, ఒక డ్రైవరు, పక్కన దారి చూసే మనిషి ఉంటే చాలు.

మామూలు బండి ఇన్నేసి మైళ్ళు తట్టుకుంటుందా అని అడుగుతారు. 1968లో లండన్ నుంచి బొంబాయి మీదుగా సిడ్నీ దాకా పెద్ద పోటీ జరిగింది. బొంబాయిలో కార్లను ఓడెక్కించి ఆస్ట్రేలియాలో దింపారు. గెలిచింది ఏ స్పోర్ట్స్ కారో కాదు, హిల్మన్ హంటర్ అనే సంసారపక్షం బండి. నడిపినవాడు ఆండ్రూ కోవన్. ముందున్న సిత్రోయెన్ ఆఖర్లో ఎదురుగా వచ్చిన కారును గుద్దుకుని ఆగిపోయింది. దూరపు పందెంలో మొదట కావలసింది చివరిదాకా నడుస్తూ ఉండటం.

నా కథ 2015 వేసవిలో మొదలైంది. నాన్నగారు రాజమండ్రి నుంచి ఆరు నెలలకని వచ్చారు. ఆయన ఆర్టీసీ డిపోలో ముప్పై నాలుగేళ్ళు మెకానిక్. మూడు వారాలు తిరిగేసరికి "ఒరేయ్, టికెట్టు ముందుకు జరపరా" అని మొదలెట్టారు. తప్పు ఆయనది కాదు. పొద్దున్నే మేం ఆఫీసులకి, పిల్లలు బడికి. మా వీధిలో నడిచే మనిషి కనపడడు. ఆయన కిటికీ దగ్గర కూర్చుని చెత్త లారీ కోసం ఎదురు చూసేవారు. అది వచ్చే రోజు గుర్తు పెట్టుకుని, దాని ఇంజను చప్పుడు విని "ఇంజెక్టరు పోయింది దానికి" అనేవారు. ఆయన్ను ఎక్కడికి తిప్పినా, ఏ గుడికి తీసుకెళ్ళినా సాయంత్రానికి మళ్ళీ టికెట్టు మాటే.

అప్పుడే ఇండియా వెళ్ళిపోతున్న ఒక కుర్రాడి దగ్గర 1999 హోండా అకార్డు 1,400 డాలర్లకు కొన్నాను. ర్యాలీ నా సరదా. నాన్నగారి కోసం కొన్నానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గానీ, అబద్ధం. నాకు కోడింగ్ తప్ప పానా పట్టడం రాదు. అందుకని బండిని ఒక గరాజ్‌కి పంపి అన్నీ మార్పించాననుకున్నాను. బిల్లులో "బ్రేక్ ఫ్లూయిడ్ మార్చాం" అని కూడా ఉంది.

ర్యాలీకి నెల ముందు, రోడ్డు చూసుకుందామని ఇండిపెండెన్స్ పాస్ ఎక్కాం. 12,095 అడుగులు. ఇంత ఎత్తున గాలి పల్చన. ప్రతి వెయ్యి అడుగులకూ ఇంజను సుమారు మూడు శాతం బలం పోగొట్టుకుంటుంది. అంటే ఎక్కేటప్పుడు బండి మూలుగుతుంది. అది భయపడాల్సిన విషయం కాదు. దిగేటప్పుడే అసలు సంగతి. ట్విన్ లేక్స్ వైపు వంకర మలుపుల్లో, గేరు డి లోనే వదిలేసి, బ్రేకు మీద కాలు తియ్యకుండా దిగుతున్నాను. ఒక మలుపు దగ్గర పెడలు మెత్తగా కిందకి జారిపోయింది. వెనక సీట్లో మా ఇద్దరు పిల్లలు, నాన్నగారు. ఆయన గొంతు పెంచలేదు. "గేరు తగ్గించు. ఇంకోటి తగ్గించు. బ్రేకు కొట్టి కొట్టి వదులు" అన్నారు. అలా అలా వేగం తగ్గించి, ఖాళీ జాగా చూసి ఆపాను. నా కాళ్ళు ఎంతసేపు వణికాయో! ఆయన దిగి, చక్రాల దగ్గర వాసన చూసి, "మారేడుమిల్లి ఘాట్‌లో ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలని కొత్త డ్రైవర్లకి మొదటి రోజే చెప్తారు" అన్నారు. అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ఆయనే బానెట్ ఎత్తి బ్రేకాయిలు డబ్బా మూత తీశారు. లోపల కాఫీ డికాషన్ రంగులో ఉంది. ఏళ్ళ తరబడి ఎవరూ మార్చలేదు.

ఈ సంగతి మీ ఇంట్లో బండికి కూడా పనికొస్తుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. బ్రేకాయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవే 230, 155. మరిగితే లోపల ఆవిరి బుడగలు. ఆవిరి నలుగుతుంది, ద్రవం నలగదు. అందుకే పెడలు మెత్తబడి కిందకి పోతుంది. అలా కాక పెడలు గట్టిగానే ఉండి బండి ఆగకపోతే, అది వేడెక్కిన ప్యాడ్ల గొడవ. మీ డబ్బా మూత మీద ఏ రకమని రాసుందో చూసి కొనండి. డాట్ 5 అనేది సిలికాన్, దాన్ని వీటిలో కలపకూడదు.

ఆయిలు మార్చి గాలి తియ్యడానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల పెడలు తొక్కాలి, ఒకరు చక్రం దగ్గర నిపిల్ విప్పి బిగించాలి. నేను సీట్లో కూర్చోబోయాను. "అక్కడ నేను. నువ్వు కింద" అన్నారు. నలభై మూడేళ్ళ వయసులో మొదటిసారి పానా పట్టాను. "తొక్కాను. విప్పు. బిగించు." ఆ సాయంత్రం నా చొక్కాకి అంటిన గ్రీజు వాసన నాకు బాగా తెలిసిన వాసన. హైస్కూల్లో ఉన్నప్పుడు, నాన్నగారు డ్యూటీ దిగి ఖాకీ బట్టల్లోనే స్కూలు గేటు దగ్గరికి వస్తే, నేను వెనక గేటులోంచి ఇంటికి పోయేవాణ్ణి. ఆయనకి తెలుసో తెలియదో ఇంతవరకూ అడగలేదు.

ఆ తర్వాత ఆయన బండిని గరాజ్‌లో వాళ్ళు చేశామన్నవన్నీ మళ్ళీ చూశారు. "విజిటర్ వీసా మీద పని చేయకూడదు కదండీ మామయ్యగారూ" అని మా ఆవిడ నవ్వితే, "జీతం ఇస్తేగా అమ్మా" అన్నారు. టైమింగ్ బెల్టు, దాంతోపాటే వాటర్ పంపు మార్చాం. ఈ ఇంజనులో ఆ బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను కొడతాయి, బండి చెత్తకుప్పకే. రేడియేటర్ గొట్టాలు, థర్మోస్టాట్, మూత కొత్తవి వేశాం. మూత చిన్న వస్తువే. కానీ 12,000 అడుగుల దగ్గర మామూలు నీళ్ళు సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి, ఆ మూత పట్టి ఉంచే ప్రెజరే కాపాడుతుంది. బ్రేకులకి 160, బెల్టు, పంపు 170, గొట్టాలు వగైరా 70, నాలుగు టైర్లు 300. మొత్తం 700 డాలర్లు. హారన్ మార్చుదామా, లైట్లు పెంచుదామా అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఆ డబ్బుతో స్టెప్నీకి మంచి టైరు, మంచి జాకీ, జాకీ కింద పెట్టడానికి ఒక చెక్క ముక్క. మట్టిరోడ్డు మీద చెక్క లేని జాకీ భూమిలోకి దిగుతుంది గానీ బండిని లేపదు.

టైర్ల దగ్గర నేనో ఘనకార్యం చేశాను. దారి చూసేది మా ఆవిడ. లెక్కల మనిషి. పాత టైర్లతో మైళ్ళు కొలిచి, మా ఓడోమీటరుకి దిద్దుబాటు కట్టి, నలభై పేజీల పట్టికలు రాసుకుంది. ర్యాలీకి రెండు రోజుల ముందు నేను కొత్త టైర్లు వేయించి చెప్పడం మర్చిపోయాను. మా టైరు వ్యాసం 25 అంగుళాలు. అరిగిన టైరు కొత్తదానికన్నా అర అంగుళం చిన్నది, అంటే రెండు శాతం తేడా. యాభై మైళ్ళకు ఒక మైలు. గంటకు 40 మైళ్ళ దగ్గర అది తొంభై సెకన్లు, మా లెక్కన తొంభై పాయింట్లు. పొద్దున్న కొలత చూసే చోట సంగతి బయటపడింది. బానెట్ మీద కాగితాలు పరచుకుని ఇరవై నిమిషాల్లో మళ్ళీ లెక్క కట్టింది. ఆ ఇరవై నిమిషాల్లో నాతో అన్న మాటలు ఈ సభలో చెప్పదగ్గవి కావు.

ఇరవై మూడు బళ్ళలో పద్నాలుగో స్థానం వచ్చింది. బండి ఎక్కడా ఆగలేదు. ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండు. నాన్నగారు గరాజ్‌లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "ఎన్నో స్థానం?" అని అడగలేదు. చక్రాల మీద ఒక్కొక్క దాని దగ్గరా చెయ్యి పెట్టి వేడి చూశారు. "కుడివైపు ముందుది కాస్త ఎక్కువుంది. రేపు చూద్దాం" అన్నారు.

టికెట్టు మాట మళ్ళీ రాలేదు, ఆరు నెలలూ ఉన్నారు. ఇప్పుడు ఆయనకి ఎనభై దాటింది, విమానం ఎక్కలేరు. ఆదివారం ఫోన్‌లో నేను బండి స్టార్ట్ చేసి బానెట్ దగ్గర పెట్టాలి, ఆయన వినాలి. పోయిన వారం "బెల్టు కీచుమంటోంది" అన్నారు. నాకైతే వినపడలేదు. ఇంకా చూడలేదు, ఈ ప్రసంగం అయ్యాక చూస్తాను. బండి బయటే ఉంది, కావలసినవాళ్ళు రండి.