ముందు లెక్కల పుస్తకం, తర్వాత నిధులు
(ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మీలో చాలామంది నా హాస్టల్లో అన్నం తిన్నవాళ్లే. కాబట్టి కొంచెం చనువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

ఊళ్లో ఆరోగ్య సేవ చేసే యువజన సంఘాలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పమన్నారు. డబ్బు అనగానే వెనక వరసలో ఫోన్లు పక్కన పెట్టారు, చూస్తున్నాను. చెప్తాను. ముందు ఒక పిల్ల సంగతి వినండి.

కొన్నేళ్ల కిందట ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి స్టడీ అవర్ మొదలవగానే కాళ్లు లాగుతున్నాయని పడుకునేది. చలికాలంలో మరీ ఎక్కువ. చదువు ఎగ్గొట్టడానికి సాకనుకున్నాను. నేను బి.ఎడ్. చదివాను, పిల్లల మనస్తత్వం మీద పరీక్ష రాసి పాసయ్యాను. అయినా అలాగే అనుకున్నాను. రెండుసార్లు కేకలేశాను కూడా. ఒక రాత్రి ఆ పిల్ల ఏడవడం కూడా మానేసి, గోడవైపు తిరిగి మూలుగుతుంటే భయమేసి ఆసుపత్రికి తీసుకెళ్లాం. సికిల్ సెల్ అన్నారు. వెంటనే రక్తం ఎక్కించాలన్నారు.

ఆ రాత్రి నేను ఫోన్ చేస్తే వచ్చింది నా పాత విద్యార్థులు నలుగురు. ఇద్దరు రక్తం ఇచ్చారు, ఒకడు ఆటో డీజిల్‌కు కూడా పైసా తీసుకోలేదు. పిల్ల కోలుకుంది. ఆ ఊపులో వాళ్లే ఒక సంఘం పెట్టారు. వాట్సాప్ గ్రూపు, బ్యానరు, టీ షర్టులు అన్నీ అయ్యాయి. ఉద్యోగాలున్నవాళ్లు నెలకు 200 రూపాయలు వేసేవారు. ఆ డబ్బంతా ఒక అబ్బాయి ఫోన్‌పేలోకి వెళ్లేది. ఆరు నెలలయ్యాక ఎవరో లెక్క అడిగారు. అతని దగ్గర ఒక్క చీటీ కూడా లేదు. ఒక్క రూపాయి తినలేదని నాకు తెలుసు, ఎందుకంటే సగం ఖర్చులు నా కళ్ల ముందే జరిగాయి. కానీ నాకు తెలుసంటే అది లెక్క కాదు కదా. ఆ అబ్బాయి మొహం చాటేశాడు, సంఘం ఆగిపోయింది. తర్వాతి నెల ఆ పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి వాళ్ల నాన్న మేకను అమ్మాడు.

మన పండుగలప్పుడు ఇంటింటికీ చందా వసూలు చేస్తాం. ఎవరు బియ్యం ఇచ్చారు, ఎవరు కోడి ఇచ్చారు, ఎంత మిగిలిందో పెద్దలు అందరి ముందూ చెప్తారు. ఎవరూ అడగక్కర్లేదు. ఆ పద్ధతి తెలిసిన మనం సంఘం పెట్టేసరికి మర్చిపోతున్నాం. మళ్లీ మొదలుపెట్టినప్పుడు 60 రూపాయల లాంగ్ నోట్‌బుక్ కొని, వచ్చింది ఎడమవైపు, పోయింది కుడివైపు రాయడం నేర్పాను. నెలాఖరున గ్రూపులో ఆ పేజీ ఫోటో పెట్టాలి. అంతే.

ఇప్పుడు డబ్బు సంగతి. అన్నిటికంటే దగ్గరున్నది మీ ఊళ్లోనే ఉంది. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీకి జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఏడాదికి 10,000 రూపాయల వరకు కేటాయింపు ఉంది. ఖర్చు పెట్టకపోతే మరుసటి ఏడాది ఆ మేరకు తగ్గించి ఇస్తారు. దాంతో బావి దగ్గర బురద తీయించవచ్చు. మరీ దిక్కులేని ఇంటివాళ్లను ఆసుపత్రికి చేర్చడానికి కూడా కమిటీ తీర్మానించి వాడవచ్చు. కమిటీలో కనీసం 15 మంది ఉండాలి, సగం మంది ఆడవాళ్లు కావాలి. ఆశా అక్కను అడగండి, మీటింగ్ ఎప్పుడో చెప్తుంది. మీ ఊళ్లో మీటింగే జరగడం లేదంటే, అది జరిగేలా చూడటమే మీ మొదటి సేవ.

రెండోది, హక్కుగా రావాల్సినవి ఇప్పించడం. దీన్ని మనవాళ్లు సేవ కింద లెక్కవేయరు. నాకైతే ఇదే పెద్దది. మన ఆంధ్రప్రదేశ్‌లో సికిల్ సెల్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. ఏడాదికి 1,20,000. మీరు ఎన్ని చందాలు వసూలు చేస్తే అంతవుతుంది? కాగితాలు పట్టుకుని ఒక మనిషి వెంట నాలుగుసార్లు తిరిగితే చాలు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్‌ను కూడా చేర్చారు, ఆ సర్టిఫికెట్ కూడా తీయించాలి. టీబీ మందులు వాడుతున్నవాళ్లకు పోషణ కోసం నెలకు 1,000 రూపాయలు బ్యాంకులో పడాలి. పడకపోతే చాలాసార్లు ఖాతా నంబరు, ఆధార్ తేడాయే కారణం. ఫోన్ వాడటం వచ్చిన మీరు సరిచేయించగలరు. టీబీ రోగికి ఆహారం బుట్ట ఇవ్వాలనుకుంటే నిక్షయ్ మిత్రగా నమోదు కావచ్చు, దానికి సంఘం రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు.

మూడోది మీరంతా ఎదురుచూస్తున్న రిజిస్ట్రేషన్. ఏడుగురు ఉంటే 2001 సొసైటీల చట్టం కింద నమోదు చేయించవచ్చు. తర్వాత పాన్, ఇద్దరు సంతకాలు పెట్టే బ్యాంకు ఖాతా, నీతి ఆయోగ్ వారి ఎన్.జి.ఓ. దర్పణ్‌లో నమోదు, ఆదాయపు పన్ను వారి 12ఎ, 80జి. కంపెనీల డబ్బు కావాలంటే సీఎస్ఆర్-1 ఫారం కూడా వేయాలి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల లాభాల సగటులో 2 శాతం సేవకు ఖర్చు పెట్టాలి. ఆరోగ్యం, తాగునీరు, పోషకాహారం ఆ జాబితాలో మొదటి అంశంలోనే ఉన్నాయి. అయితే కంపెనీలు తాము ఉన్నచోటికే మొదట చూస్తాయి, చట్టం కూడా స్థానికానికి ప్రాధాన్యం ఇవ్వమంటుంది. మన కొండల్లో ఏ కంపెనీ ఉంది? అందుకే ఇది మనకు అంత తేలిక కాదు. వాళ్లు అడిగేది పాత లెక్కలు, ఆడిట్ రిపోర్టు. ఆ 60 రూపాయల పుస్తకం అక్కడ పనికొస్తుంది.

ఒక హెచ్చరిక. 80జి చేయిస్తాం, సీఎస్ఆర్ తెప్పిస్తాం, ముందు కొంత పంపండి అనేవాళ్లు ఫోన్ చేస్తారు. పంపకండి. దర్పణ్‌లో నమోదుకు ఫీజు లేదు. విదేశాల్లో ఉన్న విదేశీ సంస్థ ఏదైనా డబ్బిస్తానంటే ఎఫ్.సి.ఆర్.ఎ. అనుమతి లేకుండా తీసుకోవడం నేరం.

డబ్బు లేకుండా ఇవ్వగలిగింది కూడా ఉంది. 18 ఏళ్లు నిండి, 45 కిలోలకు తగ్గకుండా ఉండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రక్తం ఇవ్వవచ్చు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి. ఏ ఊళ్లో ఎవరిది ఏ గ్రూపో రాసిపెట్టుకుంటే అర్ధరాత్రి ఆ కాగితమే ఉపయోగపడుతుంది. అలాగే 2023 జులైలో మొదలైన సికిల్ సెల్ మిషన్ కింద 40 ఏళ్ల లోపు అందరికీ పరీక్షలు చేస్తున్నారు. పెళ్లికి ముందు చేయించుకోండి. అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికమా, బయట సంబంధమా అన్నది పెద్దవాళ్లు చూసుకుంటారు, ఆ కార్డు మాత్రం మీరు చూసుకోండి.

ఇంకొకటి, ఇది నా మాటగా గుర్తుపెట్టుకోండి. చందా కోసం రోగి ఫోటో గ్రూపుల్లో పెట్టొద్దు. ఆ పిల్ల ఫోటో కూడా అప్పట్లో పెట్టారు, మంచి మనసుతోనే. డబ్బులు గబగబా వచ్చాయి. మొన్న ఇంటర్ అయ్యాక ఒక సంబంధం వస్తే, అటువాళ్లు ముందుగా తెచ్చి చూపించింది ఆ ఫోటోనే. సంబంధం తప్పిపోయినందుకు దానికేం బాధ లేదట, ఇంకా చదువుకుంటానంటోంది. కానీ ఆసుపత్రి మంచం మీద తన మొహం అంతమంది ఫోన్లలో ఉందని నన్నడిగినప్పుడు నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆ అమ్మాయి ఇవాళ ఇక్కడికి వచ్చింది. ఎవరని అడగకండి. సంఘం పుస్తకం ఇప్పుడు రాస్తున్నది తనే. మూడు పుస్తకాలు నిండాయి, నాలుగోది నా సంచిలో ఉంది. భోజనాలయ్యాక కావాల్సినవాళ్లు వచ్చి చూడండి, చేతులు కడుక్కుని ముట్టుకోండి.