మ్రింగుడుపడని ముద్ద

ధర్మవరము, పెనుకొండ, హిందూపురము సీమలో రాగిసంగటిని నమలక మ్రింగుట మన అలవాటు. అందుచేత అన్నవాహిక ఇరుకైనచో మొదట అడ్డుపడునది ఆ ముద్దయే. వేడి చేసినదని మజ్జిగతో సరిపెట్టుకొందుము. గంజియు దిగనినాడు బెంగుళూరు రైలెక్కుదుము. ముద్ద అడ్డిననాడే ఎండోస్కోపీ చేయించుకొన్నచో, క్యాన్సరైనను కొందరికి శస్త్రచికిత్సతో నయమగును.

ఆలస్యమైనవారికి స్టెంటు కలదు. నోటిగుండ ఎండోస్కోపును దింపి, ఇరుకునకు ఆవలిదాక సన్నని తీగెను పంపుదురు. నికెలు, టైటానియముల మిశ్రలోహపు వలగొట్టము ముడుచుకొని ఆ తీగెపై జారును. విడువగనే విచ్చుకొని, ఒకటిరెండు దినములలో సుమారు 20 మిల్లీమీటర్ల దారి యిచ్చును. ఇది రోగమును మాన్పదు, ఆహారమునకు దారి మాత్రమే.

ఆ పిమ్మట ముద్ద మ్రింగరాదు. జావ కాచుకొని, నిటారుగా కూర్చుండి, కొద్దికొద్దిగా త్రాగవలెను. మనవారికి అన్నిటికన్న కష్టమైన పథ్యమిదే.