సంతలో కనబడ్డ లెక్క
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరుగా పని చేసినవాడిని. నన్ను మాట్లాడమంటే నీళ్ల గురించో, రోడ్ల గురించో చెబుతానని అనుకుని ఉంటారు. ఈరోజు మాత్రం మనిషిని చూడడం గురించి మాట్లాడతాను. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని పరిశీలన పద్ధతి అంటారు. ఆ పేరు నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ పద్ధతి వల్ల మేలు పొందింది మాత్రం ఇక్కడే, ఈ డుంబ్రిగుడలోనే.

నేను ఆరో తరగతిలో చేరేనాటికి మా ఇంట్లో మాట ఆదివాసీ ఒడియా. తెలుగు అర్థమయ్యేది గానీ నోరు తిరిగేది కాదు. ఒకరోజు తనిఖీకి బయటి నుంచి ఒక అధికారి వచ్చారు. నన్ను లేపి ఒక లెక్క అడిగారు. నేను నిలబడి కాళ్ల వంక చూస్తూ ఉండిపోయాను. 'మందకొడి' అని ఆయన కాగితం మీద రాసుకున్నారు.

ఆ తర్వాత మా లెక్కల మాస్టారు ఏమీ అడగలేదు. వరసగా మూడు సంతల్లో టీ బడ్డీ దగ్గర కూర్చుని, మా అమ్మ పక్కన చింతపండు అమ్ముతున్న నన్ను చూశారు. కిలో నాలుగు రూపాయల చొప్పున ఆరున్నర కిలోలకు ఇరవై ఆరు. అందులో ఉప్పుకీ కిరసనాయిలుకీ ఏడున్నర పోతే చేతికి రావలసింది పద్దెనిమిదిన్నర. షావుకారు పదిహేడు చేతిలో పెడితే నేను కదల్లేదట. మూడో సంత అయ్యాక మాస్టారు మా అమ్మ దగ్గరికి వచ్చి, "మీవాడికి లెక్క వచ్చమ్మా, మాకే వాణ్ణి అడగడం రాలేదు" అన్నారు. నేను ఈ వేదిక మీద నిలబడడానికి కారణం ఆ మూడు సంతలే.

మాస్టారు చేసిన పనినే దేశాలు దాటి శాస్త్రవేత్తలు కూడా చేశారు. బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో కొబ్బరికాయలూ అవీ అమ్ముకునే ఐదుగురు పిల్లల దగ్గరికి పరిశోధకులు కొనేవాళ్లలా వెళ్లి బేరమాడారు. పిల్లలు చెప్పిన లెక్కల్లో నూటికి 98 సరైనవి. అవే లెక్కలు తర్వాత కాగితం మీద ఇస్తే సరిగా చేసినవి సుమారు 37. ఇది 1985లో అచ్చయింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం ఢిల్లీ, కోల్‌కతా బజార్లలో పనిచేసే పిల్లలను పరిశీలించి 2025లో ప్రచురించిన ఫలితమూ ఈ దారిలోదే. బడి పిల్లలకు దీనికి తలకిందులు: కాగితం మీద చేసేవాళ్లు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. పిల్లవాడికి ఏం వచ్చో తెలియాలంటే వాడు ఎక్కడ తడుముకోకుండా ఉంటాడో అక్కడ చూడాలి.

చూసేవాడు దూరంగానే ఉండాలని లేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్ నేలకొరిగాక, గోండుల కష్టానికి కారణం తెలుసుకొమ్మని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా దేశస్థుడైన హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయి గ్రామంలో గుడిసెలో కాపురం పెట్టారు. గోండీ నేర్చుకున్నారు. పండగల్లో, పొలాల్లో, పంచాయితీల్లో వాళ్లతోనే ఉన్నారు. 1943లో అదే ఊళ్లో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. గోండీలో వాచకాలు వచ్చాయి. చూసినది చూసినవాళ్లకే పనికొచ్చింది. బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. నేటికీ అక్కడివారు ఆ దంపతుల వర్ధంతి జరుపుతారు.

ఇంత చెబుతున్న నేను కూడా తప్పు చేశాను. అది ఇక్కడ ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట కొండ మీది ఒక ఊరికి ఊట నీటిని గొట్టాల్లో దింపి కొళాయిలు పెట్టాం. ఆర్నెల్లకు వెళ్తే ఆడవాళ్లు మళ్లీ ఊట దగ్గరికే పోతున్నారు. 'అవగాహన లేదు' అని రిపోర్టు రాసేశాను. రాత్రి నిద్ర పట్టలేదు. 'మందకొడి' అన్న ఆ మాట గుర్తొచ్చింది. నేనూ అదే రాశాను కదా!

ఊరి పెద్దనీ, ఆడవాళ్లనీ అడిగి, ఎందుకొచ్చానో చెప్పి, కొళాయికి కాస్త దూరంలో కూర్చున్నాను. మొదటి రోజు అందరూ చెంబులు తెచ్చి కొళాయి దగ్గరే పట్టుకున్నారు. ఆఫీసరు చూస్తున్నాడని! షికాగో దగ్గరి హాథోర్న్ కర్మాగారంలో 1924 నుంచి 1932 దాకా జరిగిన ప్రయోగాల గురించి ఇంజనీర్లకు పాఠంగా చెబుతారు: తమను గమనిస్తున్నారని తెలిస్తే మనుషుల నడత మారవచ్చని. మూడో రోజుకి నన్ను మరిచిపోయారు. అప్పుడు కనబడింది. కొళాయికీ సిమెంటు దిమ్మకీ మధ్య ఎడం చాలదు. బిందె దూరడం లేదు. అవగాహన లేనిది మాకే. దిమ్మ తవ్వి దించాం. రిపోర్టు మార్చి రాశాను.

అప్పటినుంచి నోటుబుక్కులో పేజీ మధ్యన గీత గీస్తాను. ఎడమ పక్క కంటికి కనబడింది, కుడి పక్క నాకు అనిపించింది. 'బిందె పక్కన పెట్టి వెళ్లిపోయింది' ఎడమ పక్క. 'ఇష్టం లేదు' కుడి పక్క. రెండూ కలిస్తేనే పొరపాటు. వీలైతే ఇంకొకరిని కూడా విడిగా రాయమంటాను. ఇద్దరి ఎడమ పక్కలూ సరిపోలకపోతే మళ్లీ చూడాలి.

2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టారు; అందులో మన కువి, కొండ, ఆదివాసీ ఒడియా కూడా ఉన్నాయి. భాష తెలిసిన పుస్తకం ఉంటే సగం పని అయినట్టే. మిగతా సగం చూసే కన్ను.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మనవి. ఏడాదికి ఒక్క పిల్లవాడిని, తరగతిలో నోరు విప్పని వాడిని ఎంచుకోండి. సంతలో, పశువుల దగ్గర, థింసా ఆటలో, చెల్లెల్ని ఎత్తుకుని తిరిగేటప్పుడు ఒక వారం చూడండి. ఆ తర్వాతే వాడి గురించి రాయండి.

పిల్లలూ, మిమ్మల్ని ఎవరైనా ఒక్క మాటలో తేల్చేస్తే బెంగపడకండి. వాళ్లు మీ సంతకు ఇంకా రాలేదు, అంతే.

మా మాస్టారు ఇప్పుడు లేరు. ఈ నాలుగు మాటలూ ఆయనకే. సెలవు.