పాత కెమేరాలు – కొత్త బ్యాటరీలు
(ఖుర్దారోడ్డు తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ముగిసి, పచ్చడి ప్రసాదము పుచ్చుకొన్న పిమ్మట బ్యాటరీల మాట ఎత్తుట కొందరికి వింతగా తోచవచ్చును. రైల్వే గుమాస్తాలము గనుక సాహిత్యోపన్యాసము మా వల్ల కాదు. ఇంటికి పనికివచ్చు నాలుగు ముక్కలు మాత్రము మనవి చేయగలము. కాస్త ఓపిక పట్టి వినవలెనని కోరుచున్నాము.

మన కుటుంబముల ఫోటోలు సేకరించి ఒక ఆల్బము తయారు చేయవలెనని గత సంవత్సరము సంఘము వారు నిశ్చయించినారు. ఆ పని మీద మేము కాలనీలో ఇల్లిల్లు తిరిగినాము. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల నుండి ఇక్కడికి వచ్చిన తాతల ఫోటోలు గోడల మీద భద్రముగా ఉన్నవి. స్టూడియోలో తీయించి అద్దము కట్టించినవి గనుక అవి చెక్కు చెదరలేదు. మొన్నమొన్నటి ఫోటోలు సెల్‌ఫోనులలో ఉన్నవి. మరి నడిమి కాలమువి, అనగా సుమారు 2004 మొదలు 2013 వరకు తీసినవి ఎక్కడ అని అడిగితే, చాలా ఇండ్లలో ఒకటే జవాబు వచ్చినది: “కెమేరాలో ఉన్నాయండీ, బ్యాటరీ పోయింది.”

ఆ పదేండ్లలో ఎందరు పెద్దలు మనలను విడిచి వెళ్ళినారో మీకు తెలుసును. వారి షష్టిపూర్తులు, రిటైరుమెంటు నాటి పూలదండలు, మనుమల అక్షరాభ్యాసములు ఆ చిన్న పెట్టెలలోనే ఉండిపోయినవి. ఒక మామ్మగారు కెమేరా మా చేతిలో పెట్టి, “నాయనా, ఆయన ఇందులో ఉన్నారు. పైకి తీయగలవా?” అని అడిగినారు. ఆ మాట విన్న తరువాత ఈ బ్యాటరీల సంగతి పట్టించుకొనక తప్పలేదు.

కెమేరాలోని కార్డు తీసి కంప్యూటరులో పెట్టరాదా అని మీరు అడుగవచ్చును. ఎస్‌డి కార్డు అయితే మొట్టమొదట చేయవలసిన పని అదే. అయితే ఆ రోజులలో ఒలింపస్, ఫ్యూజీ కెమేరాలు కొన్ని ఎక్స్‌డి కార్డుతోను, సోనీవి మెమొరీ స్టిక్‌తోను నడిచేవి. వాటిని చదివే సాధనములు నేడు బజారులో సులభముగా దొరకవు. కొన్ని ఫోటోలు కార్డులోనే కాక కెమేరా లోపలి మెమొరీలో ఉండిపోయి ఉండును. అట్టి వాటికి ఆ కెమేరాయే తాళము చెవి. దానికి ప్రాణము రానిదే తలుపు తెరుచుకొనదు.

కెమేరా బాగానే ఉండగా బ్యాటరీ ఏల పోవును? వీటిలో ఎక్కువ భాగము లిథియం అయాన్ బ్యాటరీలు. సోనీ సంస్థ వీటిని 1991లో మొదట బజారులోకి తెచ్చినది. వీటి ఆవిష్కరణకు గాను గుడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమతి వచ్చినది. అంతటి గొప్ప వస్తువైనా దానికి ఒక గుణమున్నది. వాడినా అరుగును, వాడక బీరువాలో పెట్టినా అరుగును. ఛార్జి పూర్తిగా దిగిపోయి ఏండ్ల తరబడి పడియుంటే, లోపలి రక్షణ యంత్రాంగము మళ్ళీ ఛార్జి ఎక్కనీయక పోవచ్చును. దానిని చూచి కెమేరాయే పోయినదని మనము అనుకొందుము.

ఇక వెదకు పద్ధతి. మొదట బ్యాటరీ తలుపు తెరచి చూడండి. లోపల గోడ గడియారములో వేసే రకము పెన్సిల్ సెల్లులు, అనగా డబుల్ ఎ సెల్లులు, పట్టేటట్లున్నచో మీరు అదృష్టవంతులు. కానన్ పవర్‌షాట్ ఎ570 వంటివి రెండు సెల్లులతో నడుచును. కాని గడియారపు చవక సెల్లులు ఇందుకు చాలవు. లెన్సు బయటికి వచ్చునంతలోనే కెమేరా ఆగిపోవును. నికెల్ మెటల్ హైడ్రైడ్ రకము, తిరిగి ఛార్జి చేయదగినవి కొనవలెను.

ప్రత్యేకమైన బ్యాటరీ అయితే కెమేరా పేరు కన్న బ్యాటరీ మీది నంబరు ముఖ్యము. పార్శిలు మీద మార్కా తప్పినచో అది చేరవలసిన స్టేషను చేరదు. ఇదియు అంతే. నంబరు పొల్లు పోకుండ కాగితము మీద వ్రాసుకొని దుకాణమునకు వెళ్ళండి. కానన్‌లో ఎన్‌బి-4ఎల్ వేరు, ఎన్‌బి-5ఎల్ వేరు. ఒకటి రెండవ దానికి బదులు రాదు.

ఇందులో ఒక రహస్యమున్నది. వేరు వేరు కంపెనీలు ఒకే బ్యాటరీకి వేరు వేరు పేర్లు పెట్టుకొన్నవి. నికాన్ ఈఎన్-ఈఎల్10, ఒలింపస్ ఎల్ఐ-42బి, ఫ్యూజీ ఎన్‌పి-45, కొడాక్ కెఎల్ఐసి-7006, పెంటాక్స్ డి-ఎల్ఐ63 – ఇవి అన్నియు ఒకదానికొకటి బదులు పనికివచ్చును. కొడాక్ వారు 2012లోనే కెమేరాల తయారీ మానుకొన్నారు. ఒలింపస్ వారి కెమేరా వ్యాపారము 2021లో వేరు సంస్థకు పోయినది. అయినా వారి బ్యాటరీ నికాన్ పేరుతో బ్రతికియున్నది. మామ్మగారి ఒలింపస్ కెమేరా ఈ విధముగనే లేచినది. భువనేశ్వర్‌లో ఒక దుకాణదారు “ఇది పాత సామాను, పారవేయండి” అన్నాడు. మరొక దుకాణములో నికాన్ నంబరు చెప్పి తెచ్చినాము. తాతగారు పడక కుర్చీలో కూర్చుండి పేపరు చదువుచున్న ఫోటో తెర మీద కనిపించగా మామ్మగారు చాలాసేపు మాట్లాడలేదు.

కొనునప్పుడు మూడు సంగతులు చూడవలెను. ఒకటి, వోల్టేజి. 3.6, 3.7 అనునవి దాదాపు ఒకటే. 3.7 స్థానములో 7.4 మాత్రము పనికిరాదు. రెండు, సామర్థ్యము. నికాన్ వారిది 740 మిల్లీ ఆంపియర్ అవర్లు ఉండగా, అదే పరిమాణములో 1500 అని అట్ట మీద వ్రాసియున్నచో ఆ మాట నమ్మవద్దు. మూడు, తయారైన తేదీ. అసలు కంపెనీదే అయినా, పదేండ్లు అలమరలో నిలువయున్న బ్యాటరీ అప్పటికే ముసలిది. ఇటీవల తయారైన ఇతర కంపెనీ బ్యాటరీయే దానికన్న మేలు కావచ్చును. మన ఊరిలో దొరకకున్న, బంధువుల ఇంటికి పోయినప్పుడు చెన్నై రిచీ స్ట్రీటులో గాని, హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో గాని, కోల్‌కతా చాందినీ చౌక్‌లో గాని విచారించండి.

ఒక హెచ్చరిక. పాత బ్యాటరీ ఉబ్బి కెమేరాలో ఇరుక్కొని ఉంటే స్క్రూడ్రైవరుతో పొడిచి తీయవద్దు. చిల్లు పడినచో మంట లేచును. పొయ్యిలోను, చెత్తకుండీలోను వేయవద్దు. వాడిన బ్యాటరీలను సేకరించి శుద్ధి చేయించు బాధ్యతను 2022 నాటి ప్రభుత్వ నిబంధనలు తయారీదారుల మీదనే ఉంచినవి. ఇ-వేస్టు తీసుకొను వారికి ఇవ్వండి. కొత్తదానిని కూడ రాత్రంతయు పరుపు మీద ఛార్జికి పెట్టి నిద్రపోవద్దు.

చివరగా సంఘము వారికి ఒక మనవి. మన సంఘ భవనములో వేరు వేరు పరిమాణములకు సరిపోవు ఛార్జరు ఒకటి, కార్డులు చదువు సాధనము ఒకటి, నాలుగైదు రకముల వైర్లు ఉంచినచో నెలకు ఒక ఆదివారము మేము కూర్చుండి ఈ పని చేయుటకు సిద్ధము. కెమేరా లేచిన రోజుననే ఫోటోలు రెండు చోట్ల దాచవలెను. ముఖ్యమైన పది ఫోటోలు కాగితము మీద ముద్రించవలెను. తాతల ఫోటోలు నిలిచినది కాగితము మీద ఉన్నందువలననే గదా!

ఇంటికి వెళ్ళిన వెంటనే బీరువా పై అర ఒకసారి వెదకండి. కెమేరా దొరికితే నంబరు వ్రాసి మాకు పంపండి. ఆల్బములో ఆ పదేండ్ల పుటలు ఖాళీగా ఉంచి ఎదురుచూచుచున్నాము.